సమస్యాపూరణం: ఓడిపోవుట కొఱకె తా నోట్ల నడిగె

ఈ వారం సమస్య, అంటే చివరి పాదంగా ఇచ్చి పై మూడు పాదాలూ రాయమని అడిగేది, తేటగీతి పాదం.

“ఓడిపోవుట కొఱకె తా నోట్ల నడిగె”

మహానగరాల మేయరు ఎన్నికలను విషయంగా తీసుకొని దీనిని పూరించవలసిందిగా మిత్రులను కోరుతున్నాను. ఓట్లడిగేవాడు గెలవాలనే అడుగుతాడు గనుక ఈ పాదం పైకి అసంబద్ధంగా కనిపిస్తుంది. ఆ అసంబద్ధతను తొలగించి, ‘అవును, అక్కడ నిజంగానే అలా జరిగింది’ అని పాఠకుడు తల ఊపేటట్లు చేయడమే పూరకుని పని. గణాలు ఓడి – పోవుట – కొఱకె తా – నోట్ల – నడిగె. పాదం మొదటి అక్షరానికి నాలుగవ గణం మొదటి అక్షరంతో ఉండవలసిన పొంతన యతి. ‘తాను + ఓట్ల’ అనే సంధిలో దాగిన ఓకారంతో మొదటి అక్షరానికి స్వరయతి, అంటే అచ్చుల పొంతన, కుదిరింది. హాస్యం ఉండాలి గాని ఆ నవ్వు ఓటరును చిన్నబుచ్చేది కారాదు. నిజంగా జరిగిన పోటీని ఎంచుకున్నవారు వాస్తవం తప్పకుండా చూడాలి.

మొదటి పూరణ

గెలిచినంతనే తొలిపని యేమి యనగ
మరల లెక్కింపుడీ యోట్లు మాన్యులార!
యనుచు బదులిచ్చె బక్లీ మహాశయుండు
ఓడిపోవుట కొఱకె తా నోట్ల నడిగె

పూరకుని వివరణ: 1965లో న్యూయార్క్ మేయరు పదవికి కన్సర్వేటివ్ పార్టీ తరఫున నిలిచిన విలియం బక్లీని, గెలిస్తే మొట్టమొదట ఏం చేస్తారని విలేఖరులు అడిగారు. ఓట్లను మళ్ళీ లెక్కించమంటానని ఆయన బదులిచ్చాడు. పోలైన ఓట్లలో ఆయనకు నూటికి 13 పైచిలుకు వచ్చాయి. జాన్ లిండ్సే మేయరయ్యాడు.

నా సమీక్ష: మాస్టారూ, నమస్కారం. సమస్యకు ఇంతకంటె సహజమైన సందర్భం దొరకడం కష్టం. ఆయన మాటను రెండవ పాదంలో దాదాపు ఉన్నదున్నట్టుగా ఇమిడ్చిన తీరు నాకెంతో నచ్చింది. అయితే మొదటి పాదంలో యతి తప్పింది. ‘గె’కు ‘యే’తో అచ్చు కలిసినా హల్లు కలవదు. ‘తెలుపుమనగ’ అంటే ‘గెలి – తెలు’ అని రెండవ అక్షరాల హల్లులు కలిసే ప్రాసయతి చెల్లుతుంది, అర్థమూ చెడదు.

ఒక సభ్యురాలి సందేహం: గురువుగారూ, ‘మహాశయుండు’ తరువాత ‘ఓడి’ అని అచ్చు వచ్చింది కదా, ‘మహాశయుం డోడి’ అని సంధి చేయనక్కరలేదా?

నా సమాధానం: మంచి ప్రశ్న అమ్మా. మూడవ పాదంతో వాక్యం పూర్తయింది. వాక్యం ముగిసినచోట విరామం సహజం గనుక ఇక్కడ సంధి లేకపోవడాన్ని దోషంగా నేను పట్టించుకోను. వాక్యం సాగుతూ ఉంటే మాత్రం ఊరుకోను.

పూరకుడు సవరణను అంగీకరించారు. మొదటి పాదం ఇప్పుడు ఇలా ఉంది: “గెలిచినంతనే తొలిపని తెలుపుమనగ.”

రెండవ పూరణ

అడుగకయె నాల్గు లక్షల నందె కోతి
జంతుశాలలో గూర్చుండి, జనుల గడప
గడప కేగిన నేతయో? గతి యిదేమి!
ఓడిపోవుట కొఱకె తా నోట్ల నడిగె

పూరకురాలి వివరణ: 1988లో రియో డి జనీరో మేయరు ఎన్నికలో ఒక హాస్యపత్రిక వారు ఆ నగర జంతుశాలలోని చియావ్ అనే చింపాంజీని అభ్యర్థిగా ప్రకటించి ప్రచారం చేశారు. కాగితపు బ్యాలెట్ మీద దాని పేరు రాసినవారు సుమారు 4,00,000 మంది. ఆ ఓట్లు చెల్లకపోయినా, లెక్కలోకి తీసుకొని ఉంటే దానిది మూడవ స్థానం అయ్యేది.

ఒక సభ్యుని ఆక్షేపణ: పద్యం చదివి హాయిగా నవ్వుకున్నాను గాని, చింపాంజీకి తోక లేదు, అది కోతి జాతిలోనిది కాదు. వాస్తవం తప్పరాదని నియమం పెట్టుకున్నాం కదా?

పూరకురాలి సమాధానం: అన్నగారూ, శాస్త్రం ప్రకారం మీ మాట నిజమే. కాని ఆ నగరవాసులే దానిని ‘మకాకు చియావ్’ అని పిలుచుకున్నారు. పోర్చుగీసులో ‘మకాకు’ అంటే కోతి అనే అర్థం. ఓటు వేసినవారు ఏ పేరుతో వేశారో ఆ పేరే పద్యంలో ఉంచాను.

నా సమీక్ష: ఆ సమాధానం నాకు సమ్మతం. ‘జనుల గడప / గడప’ అని ఒక పాదం చివరి మాటను తరువాతి పాదం మొదట మళ్ళీ పలికించడంలో అభ్యర్థి ఇల్లిల్లూ తిరిగిన అలసట వినిపిస్తున్నది. పద్యం మొత్తంలో నన్ను ఎక్కువసేపు ఆపిన చోటు అదే. ‘లక్షల నందె’లో ‘అందె’ అకారంతో ‘అడుగక’ అకారానికి యతి చక్కగా చెల్లింది. అర్థం విషయంలో ఒక్క మాట చెప్పాలి. బ్రెజిల్‌లో ఓటు వేయడం పౌరులకు తప్పనిసరి. ఇంట్లో కూర్చుని అలగడానికి వీలులేని ఓటరు తన అసమ్మతిని బ్యాలెట్ మీదనే రాయవలసి వచ్చింది. కాబట్టి ఆ 4,00,000 మంది తెలివితక్కువ వారు కారు, తమకున్న ఒకే ఒక చీటీని ఉత్తరంగా వాడుకున్నవారు. మీ పద్యం వారిని గాక, గడప తొక్కిన నేతను ప్రశ్నించడం వల్ల నియమానికి కట్టుబడి ఉంది. తరువాతి కాలంలో అక్కడ ఎలక్ట్రానిక్ యంత్రాలు వచ్చి, అభ్యర్థి పేరు చేత్తో రాసే అవకాశమే పోయింది గనుక ఈ పద్యంలోని దృశ్యం ఇక ఆ నగరంలో పునరావృతం కాదు.

మూడవ పూరణ

తలను చెత్తబుట్టను దాల్చి తరలి వచ్చె
పౌండ్లు పదివేలు చెల్లించె పణముగాను
నవ్వు గెలిచిన చాలని నమ్మినాడు
ఓడిపోవుట కొఱకె తా నోట్ల నడిగె

పూరకుని వివరణ: లండన్ మేయరు ఎన్నికలో 2021లోను 2024లోను నిలిచిన కౌంట్ బిన్‌ఫేస్ గురించి రాశాను. చెత్తబుట్ట ఆకారపు శిరస్త్రాణం ధరించి, తాను అంతరిక్షం నుండి వచ్చిన యోధుడనని చెప్పుకుంటాడు. ఒక క్రోసాంట్ ధర 1 పౌండు 10 పెన్నీలు దాటకుండా కట్టడి చేస్తానన్నది 2024లో ఆయన వాగ్దానాలలో ఒకటి.

నా సమీక్ష: ఆర్యా, అభినందనలు. ‘పౌ – ప’ యతిని చూసి ఎవరైనా సందేహిస్తారేమో. ఔకారానికి అకారంతో మైత్రి ఉన్నది గనుక నిర్దోషం. ‘పణము’ అన్న మాట ఎంపికకు మీకు ప్రత్యేకంగా నమస్కరిస్తున్నాను. పణం అంటే పందెంలో ఒడ్డిన సొమ్ము. ధరావతు (డిపాజిట్) అంటే తిరిగి రావచ్చుననే ఆశ మిగిలే సొమ్ము. లండన్‌లో నూటికి 5 ఓట్లు రాకపోతే ఆ 10,000 పౌండ్లూ పోతాయి. 2024లో ఈయనకు వచ్చినవి 24,260 ఓట్లు, అంటే నూటికి ఒకటికి అటూ ఇటూ. ఆ సొమ్ము రాదని తెలిసే కట్టిన మనిషికి ‘పణం’ సరిగ్గా అతికింది.

ఒక సభ్యుని ప్రశ్న: మరి ఇది ఎన్నికను అపహాస్యం చేయడం కాదా?

నా సమాధానం: నేను అలా అనుకోను. బ్రిటన్ ఫస్ట్ అనే తీవ్ర జాతీయవాద పక్షం అభ్యర్థికి ఆ ఎన్నికలో ఈ చెత్తబుట్ట వీరునికంటె తక్కువ ఓట్లు వచ్చాయి. పదవి మీద ఆశ లేని వేషధారి, ద్వేషం పంచడానికి వచ్చినవారిని వెనక్కు నెట్టిన ఆ ఫలితం నాకు నవ్వుతో పాటు గౌరవమూ కలిగించింది. ‘నవ్వు గెలిచిన చాలని’ అన్న మూడవ పాదం ఆ లెక్కను చూసినప్పుడు మరింత బలంగా నిలబడుతుంది.

నాలుగవ పూరణ

తాను గెలువగ లేనని తలచి యొకడు
చీల్చె నోట్లను నగరాన జిత్తులాడి
పదవి నందెడి యాశతో వచ్చు వైరి
ఓడిపోవుట కొఱకె తా నోట్ల నడిగె

నా సమీక్ష: నాయనా, సమస్యను విరిచిన తీరు గొప్పగా ఉంది. ‘ఓడిపోవుట’ ఎవరిది అన్న ప్రశ్నకు అందరూ ‘అడిగినవాడిదే’ అనుకుంటే నీవు ‘పగవాడిది’ అన్నావు. మన పూర్వుల అవధానాలలో ఇటువంటి విరుపుకే సభ చప్పట్లు కొట్టేది. ‘చీ – జి’ యతి సరిగా ఉంది, ‘ప – వ’ యతీ చెల్లుతుంది. కాని ఇక్కడే అసలు చిక్కు ఉన్నది. ‘వైరి ఓడిపోవుట’ అన్నది ఒకే వాక్యంలోని అన్వయం, మధ్య విరామం లేదు. అప్పుడు ‘వైరి యోడిపోవుట’ అని యడాగమం రావాలి. అది వస్తే నేనిచ్చిన పాదం మారిపోతుంది. మొదటి పూరణలో సంధి లేకపోవడాన్ని ఒప్పుకున్నవాణ్ణి దీనిని ఎందుకు ఒప్పుకోనో నీకు అర్థమయ్యే ఉంటుంది. మూడవ పాదంలో వాక్యాన్ని ముగించి, పగవాని ప్రస్తావనను అక్కడే వదిలిపెట్టి చూడు.

పూరకుని సవరణ: గురువుగారూ, మూడవ పాదాన్ని “ఎదిరి గెలువరా దన్నదే యెడద గోర్కె” అని మార్చాను.

నా సమాధానం: ఇప్పుడు పద్యం దిద్దుకున్నది. ‘ఎ – యె’ యతి, వాక్యాంత విరామం, ఎవరి ఓటమి అన్న స్పష్టత, మూడూ ఒకే దెబ్బకు సమకూరాయి. ఈ జిత్తు అన్ని నగరాలలోను పారదని మాత్రం గుర్తుంచుకోవాలి. ఓటరు ఒక్క పేరుకే గుర్తు పెట్టే పద్ధతిలో ఓట్లు చీలుతాయి. 2024లో లండన్‌లో పాటించినది ఆ పద్ధతే, అంతకు ముందు అక్కడ రెండవ ఎంపిక కూడా ఉండేది. న్యూయార్క్‌లో పార్టీలు తమ అభ్యర్థిని ఎంచుకునే ప్రాథమిక ఎన్నికలలో 2021 నుండి ఓటరు అయిదుగురి వరకు వరుస క్రమంలో పేర్కొనవచ్చు. అక్కడ చీల్చడానికి నిలిచినవాడు తొలగిపోగానే అతని ఓట్లు రెండవ పేరుకు బదిలీ అవుతాయి గనుక నీ జిత్తులాడి శ్రమ చాలావరకు వృథా అవుతుంది.

అయిదవ పూరణ (పై సమాధానం చదివి ఒక సభ్యురాలు పంపినది)

మొదటి యోట్లె చాలని గర్వమున నొకండు
రెండవది యడుగక పోయె రేడు వోలె
వెనుక నున్నవా రెక్కిరి పీఠ మవుర!
ఓడిపోవుట కొఱకె తా నోట్ల నడిగె

పూరకురాలి వివరణ: 2010లో కాలిఫోర్నియాలోని ఓక్లండ్ నగరంలో మొదటి ఎంపిక ఓట్లలో డాన్ పెరాటా నూటికి 33 పైగా తెచ్చుకొని ముందున్నాడు, జీన్ క్వాన్‌కు 24 పైచిలుకు వచ్చాయి. నన్ను మొదట కాకపోతే రెండవ పేరుగానైనా రాయండని ఆమె ఇతర అభ్యర్థుల మద్దతుదారులను అడిగింది. బదిలీలన్నీ ముగిసేసరికి మేయరు పదవి ఆమెకు దక్కింది.

నా సమీక్ష: అమ్మా, విషయం ఎంపికకు ముందుగా నా అభినందనలు. రెండవ ఓటు అడగకపోవడమంటే ఓటమిని అడగడమే అన్న ఊహ ఈ వారం వచ్చినవాటిలో అన్నిటికంటె కొత్తది. రెండు సూచనలు చేస్తాను. ‘వారెక్కిరి’ అన్న వెంటనే ‘తాను’ వస్తే, ఆ ‘తాను’ గెలిచినవారిని సూచిస్తున్నట్టు భ్రమ కలుగుతుంది. మూడవ పాదాన్ని మొదటికి తెచ్చి చదివి చూడండి.

వెనుక నున్నవా రెక్కిరి పీఠ మవుర!
మొదటి యోట్లె చాలని గర్వమున నొకండు
రెండవది యడుగక పోయె రేడు వోలె
ఓడిపోవుట కొఱకె తా నోట్ల నడిగె

ఒక్క అక్షరం మార్చకుండానే కర్త తన క్రియ పక్కకు వచ్చి కూర్చున్నాడు. పాదాలన్నిటా రెండవ అక్షరం హల్లు ఒకటే కావాలనే ప్రాస నియమం తేటగీతికి లేకపోవడం వల్ల కలిగిన సౌకర్యమిది. కందంలో అయితే మొదటి పాదం గురువుతో మొదలైందో లఘువుతో మొదలైందో కూడా చూసుకోవలసి వచ్చేది. ఇక రెండవ సూచన: ‘గర్వమున’ అన్నది మీ కల్పన. పద్యంలో ‘ఒకండు’ అన్నారు గనుక అది ఎవరికైనా చెల్లుతుంది. వివరణలో పేరు చెప్పారు గనుక, గర్వాన్ని ఆ వ్యక్తికి అంటగట్టడం లేదని ఒక మాట చేర్చండి.

పూరకురాలి సమాధానం: తప్పకుండా చేరుస్తాను గురువుగారూ. నేను చెప్పదలచినది పద్ధతిని గుర్తించకపోవడం గురించే, మనిషి స్వభావం గురించి కాదు.

ఆరవ పూరణ

తెల్లయెలుగును దెత్తును, తేరగాను
తుండుగుడ్డల నిత్తును తోయమాడ
నన్న నవ్వులరేడె మేయరుగ నిలిచె
ఓడిపోవుట కొఱకె తా నోట్ల నడిగె

పూరకురాలి వివరణ: ఐస్‌లాండ్ రాజధాని రేక్యావిక్‌లో హాస్యనటుడు యోన్ గ్నార్ వేడుకగా ‘ఉత్తమ పార్టీ’ పెట్టి, జంతుశాలకు ధ్రువపు ఎలుగును తెస్తానని, ఈతకొలనులలో తువ్వాళ్ళు ఉచితంగా ఇస్తానని, ఇచ్చిన మాట నిలబెట్టుకోనని కూడా ముందే చెప్పి, 2010లో 15 స్థానాలకు 6 గెలిచి మేయరయ్యాడు.

ఒక సభ్యుని ఆక్షేపణ: రేక్యావిక్ జనాభా ఒకటిన్నర లక్షలకు మించదు కదా, మహానగరం ఎలా అవుతుంది?

నా సమీక్ష: ఆక్షేపణ న్యాయమైనదే. అయినా ఆ దేశ జనాభాలో మూడవ వంతుకు పైగా ఉన్నది ఆ ఒక్క నగరంలోనే గనుక అక్కడివారికి అదే మహానగరం, పద్యాన్ని స్వీకరిస్తున్నాను. మొదటి పాదం చివరి ‘తేరగాను’ తువ్వాళ్ళతో అన్వయిస్తుందని ‘తెత్తును’ తరువాత మీరు పెట్టిన కామా చెబుతోంది, చదివేటప్పుడు అక్కడ ఆగాలి. ‘తుం – తో’ యతి బాగుంది. స్నానానికి ‘తోయమాడ’ అన్న పలుకు తుండుగుడ్డ పక్కన గంభీరంగా నిలబడి నవ్వు పుట్టిస్తుంది. నాకున్న అసంతృప్తి ఒక్కటే. మూడవ పాదంలో ‘నిలిచె’ అన్నారు. ఎన్నికల భాషలో నిలవడమంటే పోటీ చేయడం. ఇతడు పోటీ చేసి ఊరుకోలేదు, నాలుగేళ్ళు పాలించాడు.

పూరకురాలి సమాధానం: నిజమే గురువుగారూ, పాఠకుడు పోటీ దగ్గరే ఆగిపోతాడు. గణం, యతి రెండూ చెడవు గనుక ‘నిలిచె’ తీసి ‘గెలిచె’ వేశాను: “నన్న నవ్వులరేడె మేయరుగ గెలిచె.”