నెలకు 3,000 లోపు ల్యాబ్రడార్‌కి సరిపడే డాగ్ ఫుడ్ ఏది?

మాది ఖమ్మం. మా ల్యాబ్రడార్‌కి నాలుగేళ్లు, బరువు 30 కిలోలు. రోజుకు 350 గ్రాముల డ్రై ఫుడ్ తింటుంది. ఇన్నాళ్లూ వాడింది కిలో 550 పడుతోంది, అంటే నెలకు దాదాపు ఆరు వేలు. ఇక మా వల్ల కావట్లేదు.

షాపులో లూజుగా అమ్మే, కిలో 150 రకం తెచ్చాం. వారం పాటు పాతదాంట్లో కొంచెం కొంచెం కలుపుతూ మార్చినా విరేచనాలు పల్చబడ్డాయి, చెవులూ పాదాలూ ఒకటే గోక్కోవడం. బస్తా మీద చూస్తే మొదట మొక్కజొన్న, తర్వాత గోధుమ, మాంసం ఎక్కడో చివర్లో. ప్రోటీన్ 20 శాతం. పిడుదులు లేవు, నులిపురుగుల మందు టైముకే వేయించాం.

ఇప్పుడు అన్నం, ఉడికించిన చికెన్, గుమ్మడికాయ పెడుతున్నాం (ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి లేకుండా). కడుపు కుదుటపడింది, గోకుడూ తగ్గింది. కానీ ఎముకల్లేని చికెన్, అన్నంతో కాల్షియం చాలదని, ఒక పూటైనా కంపెనీ ఫుడ్ ఉండాలని డాక్టర్ అన్నారు. ఆన్‌లైన్ రివ్యూలు చూస్తే సగం డెలివరీ గురించే!

కిలో 300 లోపు, పదార్థాల్లో మొదట మాంసమే ఉన్న డ్రై ఫుడ్‌ని మీ పెద్ద జాతి కుక్కకి కొన్ని నెలలుగా పెడుతూ, ఇబ్బంది లేకుండా ఉన్నవాళ్లు ఏది వాడుతున్నారో చెప్తారా?