వంజరం, కోనెం ఒకటేనా? శాస్త్రీయ నామాలు సరిచూడండి

మాది విశాఖ. అమ్మమ్మ చెప్పే చేపల పేర్ల పక్కన శాస్త్రీయ నామాలు రాసిపెడుతున్నాను. ఆవిడ ఉండగానే పూర్తి చేయాలని ఆరాటం. స్కాట్లాండ్ వైద్యుడు, ప్రకృతి శాస్త్రవేత్త పాట్రిక్ రస్సెల్ 1803 నాటి పుస్తకంలో మన తీరం చేపలు 200, ఇక్కడి పేర్లతోనే ఉన్నాయని తెలిశాక పట్టుదల ఇంకా పెరిగింది.

వంజరం దగ్గర ఆగిపోయాను. నిన్న ఫిషింగ్ హార్బర్‌లో రెండు కొన్నాను, రెండిటినీ వంజరమనే అమ్మారు. ఒకదానికి పక్కల నిలువుగా సన్నని అలల చారలు. ఒంటి మీద తల నుంచి తోక దాకా సాగే పక్కగీత (లేటరల్ లైన్) రెండో వీపు రెక్క చివర చటుక్కున కిందికి వంగింది. ఇంకోదానికి చారల్లేవు, వరసలుగా గోధుమరంగు చుక్కలు. పక్కగీత మెల్లగా వంగింది, ముందు భాగంలో దానికి సన్నని కొమ్మలున్నాయి.

మొదటిది స్కాంబెరోమోరస్ కామర్సన్, రెండోది స్కాంబెరోమోరస్ గుట్టాటస్ అనుకుంటున్నాను. సరైనదేనా? మీ ఊళ్లో కోనెం అని దేన్ని అంటారు? జాలర్ల కుటుంబాలవాళ్లు, జువాలజీ చదివినవాళ్లు దయచేసి చెప్పండి.