అంతరిక్షంలో ఊపిరికి నాచును నమ్ముకోవచ్చా?

చర్చ ప్రారంభం, తిరుపతి
మన జిల్లాలోని శ్రీహరికోట నుంచే మనుషులను పంపే ప్రయత్నం సాగుతోంది. 2025లో మన వ్యోమగామి శుభాంశు శుక్లా అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో సూక్ష్మ శైవలాలపై, అంటే కంటికి ఆనని సన్నటి నాచుపై, ప్రయోగాలు చేసి వచ్చారు. భూమి నుంచి సరుకు అందని సుదూర యాత్రల్లో ప్రాణవాయువుకు శైవలాలు మేలా, యంత్రాలు మేలా?

ఇంజనీరింగ్ అధ్యాపకుడు, తిరుపతి
యంత్రాలే మేలు. నీటిని విద్యుత్తుతో విడగొట్టి ఆక్సిజన్ తీయడం అంతరిక్ష కేంద్రంలో ఏళ్లుగా జరుగుతున్న పని. 2019లో జర్మన్లు పంపిన, క్లోరెల్లా అనే శైవలాన్ని పెంచే రియాక్టరు (మూసిన తొట్టి) మాత్రం సాంకేతిక లోపంతో అనుకున్న గడువుకు ముందే ఆగిపోయింది. భారరహిత స్థితిలో బుడగ పైకి తేలదు కాబట్టి, ద్రవం నుంచి వాయువును వేరుచేయడానికి పొరలూ పంపులూ కావాలి. అంటే శైవలానికీ యంత్రమే దిక్కు.

స్పిరులినా సాగుదారు, చిత్తూరు
సార్ చెప్పిన బుడగల ఇబ్బంది నిజమే. స్పిరులినా అనే శైవలాన్ని పెంచే మా తొట్టిలో తెడ్డుచక్రం ఆగితే కాసేపటికే పచ్చటి తెట్టు పైకి చేరుతుంది, ఎండకు దాని రంగు పాలిపోతుంది. ఆ తేలే గుణం కూడా అక్కడ పనిచేయదు. అయినా యంత్రాల లోటును కూడా చూడాలి. మనిషి విడిచిన బొగ్గుపులుసు వాయువును హైడ్రోజన్‌తో కలిపి నీరుగా మార్చినా, అందులోని కార్బన్ అంతా, హైడ్రోజన్‌లో సగం మిథేన్‌గా మిగిలి బయటికి పోతాయి. శైవలం ఆ కార్బన్‌ను నిలుపుకుంటుంది. సోవియట్ కాలంలో సైబీరియాలోని క్రాస్నోయార్స్క్‌లో, మూసిన గదిలో మనుషులను ఉంచి చేసిన బయోస్ ప్రయోగాల్లో, వెలుతురు సోకే 8 చదరపు మీటర్ల క్లోరెల్లా ఒక మనిషి గాలికి సరిపోయింది.

ఇక ఎరువు విషయం. ఘనపరిమాణం లెక్కన మనిషి 100 పాళ్ల ఆక్సిజన్ వాడుకుని సుమారు 85 పాళ్ల బొగ్గుపులుసు వాయువు విడుస్తాడు. నైట్రేటుతో పెరిగే శైవలం 100 పాళ్ల ఆక్సిజన్ ఇస్తూ 70 పాళ్లే తీసుకుంటుంది కనుక, మిగిలింది గదిలో పేరుకుపోతుంది. యూరియా వేస్తే ఆ లెక్క దాదాపు సరిపోతుంది, యూరియా మన మూత్రంలోనే ఉంది. శుక్లా తీసుకెళ్లిన ప్రయోగాల్లో ఒకటి నైట్రేటు, యూరియా రెండింటినీ పోల్చి చూడడమే.

పోషకాహార అధ్యాపకురాలు, తిరుపతి
మీరిద్దరూ గాలి దగ్గరే ఆగిపోయారు. ఒక మనిషికి రోజుకు 840 గ్రాముల ఆక్సిజన్ కావాలి. అంత ఇచ్చే శైవలం రోజూ అర కిలోకు పైగా ఎండు పదార్థాన్ని పుట్టిస్తుంది. అందులోని న్యూక్లిక్ ఆమ్లాలు (కణాల్లో ఉండే డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏ) ఒంట్లో యూరిక్ ఆమ్లంగా మారతాయి కాబట్టి, ఇలాంటి ఆహారం నుంచి అవి రోజుకు 2 గ్రాములు మించకూడదంటారు. స్పిరులినాలో అవి 4, 5 శాతం ఉంటాయి కనుక తినగలిగేది 40, 50 గ్రాములే. మిగిలినదాన్ని కాల్చినా కుళ్లబెట్టినా, అది ఇచ్చిన ఆక్సిజన్‌ను అదే తిరిగి తీసేసుకుంటుంది. దాచిపెడితే కార్బన్ పోయినట్టే. అందుకే తినగలిగినంతే పెంచాలి, అది ఊపిరిలో పదో వంతు కూడా తీర్చదు. మిగతాది గోధుమలాంటి పంటలతోనో యంత్రంతోనో పూరించుకోవాలి.

స్పిరులినా సాగుదారు, చిత్తూరు
మేడమ్, ఈ లెక్క ఒప్పుకుంటాను. అయితే శిలీంధ్రాల నుంచి ప్రోటీన్ తయారుచేసేవారు వేడిచేసి ఆర్‌ఎన్‌ఏ తగ్గిస్తున్నారు కదా. స్పిరులినాకూ అలా చేస్తే ఆ 50 గ్రాముల హద్దు ఎంతవరకు పెరుగుతుంది, ప్రోటీన్ ఎంత పోతుంది?