ఏప్రిల్‌లో మట్టి ముట్టుకోవచ్చా, మే దాకా ఆగాలా? (మిన్నెసోటా)

ప్లిమత్_పెరడు | ఏప్రిల్ 11, రాత్రి 9:40
అందరికీ నమస్కారం. మేం మిన్నియాపోలిస్ పక్కన ప్లిమత్‌లో ఉంటాం. పెరట్లో ఇరవై అడుగుల పొడవు, పన్నెండు అడుగుల వెడల్పు మడి ఉంది. బంకమన్ను. మంచు కరిగి వారమైంది. నాన్నగారు గుంటూరు దగ్గరి మా పల్లె నుంచి పోయిన నెల వచ్చారు. రోజూ పొద్దున్నే గ్యారేజీలోకి వెళ్లి పార తీస్తున్నారు. మే రెండో ఆదివారం, మదర్స్ డే దాటే వరకు ఏమీ చేయకూడదని నేను చెబుతున్నాను. "ఇంత ఎండ కాస్తుంటే ఖాళీగా కూర్చోమంటావేంట్రా" అంటున్నారు. నిన్న మాటా మాటా పెరిగింది. ఇక్కడ చాలా ఏళ్లుగా తోట వేస్తున్నవాళ్లు చెప్పండి, ఏప్రిల్‌లో పని మొదలుపెట్టొచ్చా? మీ జవాబులు ఆయనకు చూపిస్తాను.

మే_తర్వాతే | రాత్రి 10:05
వద్దండి, అస్సలు వద్దు. ఒక ఏడాది ఏప్రిల్ చివర 75 డిగ్రీల (ఇక్కడ లెక్కలన్నీ ఫారెన్‌హీట్‌లోనే) ఎండ కాసింది. మన తెలుగువాళ్లే ఒకరు "ఇంకేం భయం, నాటేయండి" అన్నారు. మే 3న నాటాను. ఇంట్లో లైట్ల కింద పెంచిన బీర, సొర, దోస నారు, మొత్తం నలభై మొక్కలు. తొమ్మిదో తారీఖు రాత్రి 30 డిగ్రీలకు, అంటే నీళ్లు గడ్డకట్టే చలికి పడిపోయింది. పొద్దున చూస్తే ఆకులన్నీ ఉడికిన తోటకూరలా నల్లబడి వేలాడుతున్నాయి. ఆ ఏడాది మా పెరటి బీరకాయ ఒక్కటి కూడా తినలేదు. సలహా ఇచ్చినాయన తర్వాత ఫోన్ ఎత్తలేదు. 2018లో ఏప్రిల్ మధ్యలో ట్విన్ సిటీస్‌లో (మిన్నియాపోలిస్, సెయింట్ పాల్) అడుగుకు పైగా మంచు పడింది, గుర్తుందా? ఏప్రిల్ ఎండను నమ్మకండి.

లేక్‌విల్_తోట | రాత్రి 10:20
చలిని బట్టి మొక్కలకు అమెరికా వ్యవసాయ శాఖ వేసే మ్యాప్‌లో ఇప్పుడు మనం జోన్ 5 కదా. 2023లో మార్చారు. ఇదివరకటి లెక్కలు పనికిరావు.

రేగడి_మనిషి | రాత్రి 11:15
ప్లిమత్ గారూ, నాన్నగారు నాటుతానన్నారా, తవ్వుతానన్నారా? రెండూ వేరు. నేను రోచెస్టర్‌లో పదహారేళ్లుగా వేస్తున్నాను. పుట్టింది కర్నూలు జిల్లా నల్లరేగడిలో. అక్కడైనా ఇక్కడైనా నేను చూసేది పదును, అంటే తవ్వడానికి సరిపడే తడి. గుప్పెడు మట్టి తీసుకుని పిడికిట్లో గట్టిగా పిసకండి. ముద్దను బొటనవేలితో నొక్కితే పొడిపొడిగా విరిగితే పదును వచ్చినట్టు. మైనంలా సాగితే రాలేదు. ఇక్కడ పైన మంచు కరిగినా లోపల ఇంకా గడ్డకట్టే ఉంటుంది, నీళ్లు కిందికి ఇంకవు. అందుకే ఏప్రిల్‌లో బంకమన్ను అన్ని రోజులు తడిగా ఉంటుంది. ఆ తడిలో పార వేస్తే గడ్డలు కట్టి వేసవంతా ఇటుకల్లా ఉంటాయి. పదును వస్తే మాత్రం ఏప్రిల్‌లోనే పాలకూర, మెంతికూర, కొత్తిమీర, బఠాణీ, ముల్లంగి చల్లుకోవచ్చు. వీటికి చిన్న ఫ్రాస్ట్ (రాత్రి గడ్డకట్టే చలి) తగిలినా ఏమీ కాదు. కొత్తిమీరను మేలో వేస్తే ఎండకు పూతకొచ్చేస్తుంది. "అదునెరిగి సేద్యం, పదునెరిగి పైరు" అని పెద్దలు ఊరికే అన్లేదు.

మే_తర్వాతే | ఏప్రిల్ 12, ఉదయం 7:30
సామెతలు మన ఊళ్లో ఫ్రాస్ట్ లేని నేల మీద పుట్టినవి. నలభై మొక్కలు పోయాయంటే మీరు కొత్తిమీర గురించి చెబుతున్నారు.

రేగడి_మనిషి | ఉదయం 7:52
నేను బీర నాటమని ఎక్కడన్నాను? నా పోస్టు మళ్లీ చదవండి.

మే_తర్వాతే | ఉదయం 8:01
"ఏప్రిల్‌లోనే" అన్నారు కదా. కొత్తగా వచ్చినవాళ్లకు ఆ ఒక్క మాటే గుర్తుంటుంది. నాకూ అలాగే చెప్పారు.

టొరంటో_గోంగూర | ఉదయం 8:40
మా దగ్గర విక్టోరియా డే (మే 25కు ముందు సోమవారం) లాంగ్ వీకెండ్ దాకా వేడి కోరే మొక్క ఏదీ బయట పెట్టం. పాలకూర ఏప్రిల్‌లోనే చల్లుతాం.

లేక్‌విల్_తోట | ఉదయం 9:10
జోన్ 5 గురించి ఎవరూ మాట్లాడరేం? ప్రభుత్వమే మ్యాప్ మార్చింది.

రేగడి_మనిషి | ఉదయం 9:25
ఎందుకంటే ఈ ప్రశ్నకు జోన్‌తో సంబంధం లేదండి. చలికాలంలో అతి తక్కువ ఎంతకు పడుతుందో మాత్రమే అది చెబుతుంది. 5ఏ అంటే మైనస్ 20 నుంచి మైనస్ 15. ఆపిల్ చెట్టు చలికాలం బతుకుతుందా అని చూడటానికి పనికొస్తుంది. ఆఖరి ఫ్రాస్ట్ ఎప్పుడో అందులో ఉండదు. ట్విన్ సిటీస్‌లో అది సగటున ఏప్రిల్ చివర, మే మొదట్లో. శివార్లలో, పల్లపు చోట్ల ఇంకా ఆలస్యం. సగటు అంటేనే కొన్నేళ్లు ఆ తర్వాత కూడా వస్తుందని అర్థం.

లేక్‌విల్_తోట | ఉదయం 9:31
సరే, కానీ మ్యాప్ మారింది కదా.

తేనెటీగ_నేస్తం | ఉదయం 10:15
ఎండుటాకులు ఇప్పుడే దంతెతో లాగేయకండి, నా మనవి. ఆకుల కింద, పై మట్టిలో తుమ్మెద రాణులు చలికాలమంతా పడుకుని ఉంటాయి. ఎండిన కాడల్లో చిన్న తేనెటీగలు ఉంటాయి. పగటి ఎండ కొన్నాళ్లు వరసగా 50 దాటాక తీయండి. కాడలను మొదలంటా కొట్టకుండా ఒకటిన్నర అడుగు వదిలేయండి, కొత్త తేనెటీగలు వాటిలో గూళ్లు కడతాయి. మనకు బీర, సొర కాయాలంటే పురుగు వాలాలి కదా.

ప్లిమత్_పెరడు | మధ్యాహ్నం 12:20
అందరికీ థాంక్స్. మే_తర్వాతే గారు చెప్పిందే నాకు సరైందనిపిస్తోంది. మే దాకా పార లోపల పెట్టి తాళం వేస్తాను.

రేగడి_మనిషి | మధ్యాహ్నం 12:48
తాళమా? డెబ్బై ఏళ్ల రైతుకి మట్టి పదును చూడటం రాదనుకుంటున్నారా? ఆయన చేతిని ఒక్కసారైనా అడిగారా? మీరు అడిగింది తోట గురించి కాదనిపిస్తోంది.

మే_తర్వాతే | మధ్యాహ్నం 1:05
ఇంకొకరి ఇంటి విషయంలోకి వెళ్లడం బాగాలేదు. మొదటి నుంచీ మీరు గెలవాలనే చూస్తున్నారు. నా నష్టాన్ని ఒక్క ముక్కలో తీసిపారేశారు.

రేగడి_మనిషి | మధ్యాహ్నం 1:40
మీ మొక్కలు పోయినందుకు నాకు నిజంగా బాధగా ఉంది, ఆ మాట ముందే అనాల్సింది. కానీ నా మాట కూడా వినండి. మా నాన్న ఆరు నెలలు మా ఇంట్లో ఉన్నారు. "ఇక్కడ అలా చేయరు నాన్నా" అని ఆయన్ను మట్టి ముట్టుకోనివ్వలేదు. లాన్ పాడవుతుందన్నాను. ఆయన కిటికీ దగ్గర కూర్చుని పక్కింటి వాళ్ల తోట చూసేవారు. వెళ్లాక మళ్లీ రానన్నారు. రాలేదు. పోయి ఐదేళ్లయింది. తాళం అనే మాట చదివి ఆగలేకపోయాను.

ప్లిమత్_పెరడు | మధ్యాహ్నం 3:30
రేగడి గారూ, మీరన్నది నిజమే. ఫ్రాస్ట్ గురించి కాదు. నాన్నకు 72. రెండేళ్ల కిందట స్టెంట్ వేశారు. వచ్చిన వారానికే డ్రైవ్‌వే మీద ఐస్‌కు జారారు, దెబ్బ తగల్లేదు. విజిటర్ ఇన్సూరెన్స్ పాత జబ్బులకు ఎంతవరకు ఇస్తుందో ఆ కాగితాలు చదివినా అర్థం కాలేదు. నేను ఆఫీసులో ఉన్నప్పుడు ఆయన బురదలో పడితే ఎవరు చూస్తారు? ఆ టెన్షన్ ఆయనతో చెప్పలేక "చలి నాన్నా, మే దాకా ఆగాలి" అంటున్నాను. ఆ మాట ఇక్కడ మీ అందరితో చెప్పిద్దామనుకున్నాను.

టొరంటో_గోంగూర | మధ్యాహ్నం 3:44
మా మామగారికీ ఇదే. గడ్డపార పని మా ఆయన చేస్తారు. నారు, గింజలు, నీళ్లు మామగారివి. స్టూల్ వేసుకుని చేస్తారు.

మే_తర్వాతే | సాయంత్రం 4:10
ఇది ముందే చెప్పి ఉంటే నేను పొద్దున్నుంచి ఫ్రాస్ట్ గురించి గొడవపడేదాన్ని కాదు. ఆయనకు ఇంట్లో పని ఇవ్వండి. బీర, సొర గింజలు ఏప్రిల్ ఆఖరి వారంలో కుండీల్లో పెడితే మే చివరికి నాటుకు వస్తాయి. ఎక్కువ ముందు పెడితే వేళ్లు చుట్టుకుపోతాయి, వాటికి వేరు కదిలితే పడదు. నేను చేసిన రెండో తప్పు అదే, ఆరు వారాల ముందే పెట్టాను. రోజూ కాసేపు బయట గాలికి అలవాటు చేయాలి, ఒక వారం పది రోజులు. ఆ పని ఇంట్లో ఉండే మనిషే చేయగలరు. ఉద్యోగాలకు పోయే మనవల్ల కాదు.

ప్లిమత్_పెరడు | ఏప్రిల్ 13, ఉదయం 11:00
పొద్దున నాన్నతో స్టెంట్ సంగతి, ఇన్సూరెన్స్ సంగతి దాచకుండా చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత ఇద్దరం మడి దగ్గరికి వెళ్లాం. మట్టి పిసికి "ఇది మైనంలా ఉంది, ఇంకో వారం" అన్నారు. మరి రోజూ పార ఎందుకు తీస్తున్నారని అడిగాను. "తుప్పు వదిలిద్దామని" అన్నారు. గడ్డపార పని శనివారాల్లో నేను చేస్తాను. మెంతులు, కొత్తిమీర చల్లడం ఆయన పని. కాడలు ఒకటిన్నర అడుగు ఉంచమంటే ఎందుకని అడిగి, విని, సరేనన్నారు.

రేగడి_మనిషి | ఉదయం 11:20
ధనియాలు రెండుగా నలిపి చల్లమని చెప్పండి. ఆయనకు తెలిసే ఉంటుంది.

మే_తర్వాతే | ఉదయం 11:45
మెంతులకు నాకు అభ్యంతరం లేదు. బీర మాత్రం రాత్రి చలి వరసగా 50కి పైన ఉండే దాకా బయట నాటొద్దు. ఎవరు చెప్పినా సరే.

రేగడి_మనిషి | ఉదయం 11:52
మట్టి వేడి కూడా చూడండి. 65 దాటాలి.