జనరేటర్ బ్యాటరీ అవసరానికి హ్యాండ్ ఇచ్చింది, మీరెలా చూసుకుంటున్నారు?

పటమట_సెక్రటరీ:
నమస్కారం అండీ. పటమటలో మా అపార్ట్‌మెంట్‌కి 62.5 కేవీఏ డీజిల్ జనరేటర్ ఉంది, బ్యాటరీ 12 వోల్టులది. పోయిన ఆదివారం గాలివానకి కరెంటు పోయింది. జనరేటర్‌ని తనంతట తనే నడిపే కంట్రోల్ ప్యానెల్ మూడుసార్లు సెల్ఫ్ (స్టార్టర్) కొట్టింది కానీ టిక్ టిక్ చప్పుడే, ఇంజన్ తిరగలేదు. ఆ టైములో నాలుగో అంతస్తు మామ్మగారు లిఫ్టులో ఇరుక్కున్నారు. లిఫ్టు మెకానిక్ వచ్చి దించేసరికి నలభై నిమిషాలు పట్టింది. ఆవిడ క్షేమంగానే ఉన్నారు గానీ నాకైతే ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మర్నాడే కొత్త బ్యాటరీ తెప్పించాం. బిగించడానికి వచ్చిన కుర్రాడు పాతది విప్పుతుంటే పానా జారి ఇంజన్ బాడీకి తగిలింది. కళ్ళు చెదిరే మెరుపు, పానా అంచు కరిగిపోయింది. అదృష్టం కొద్దీ చెయ్యి కాలలేదు. పని అక్కడికక్కడ ఆపించేశాను. అసలు ఏది ముందు విప్పాలి, ఏది తర్వాత బిగించాలి, తర్వాత ఎలా చూసుకోవాలి? ఈ పని చేసిన అనుభవం ఉన్నవాళ్ళు దయచేసి చెప్పండి.

ఆటోనగర్_డీజిల్:
పని ఆపించి మంచి పని చేశారు సార్. పద్దెనిమిదేళ్ళుగా ఇదే పనిలో ఉన్నాను. మీ కుర్రాడు ప్లస్ ముందు విప్పి ఉంటాడు. ఇంజన్ బాడీ అంతా మైనస్‌కే కలిసి ఉంటుంది కదా, అందుకని ప్లస్ మీద ఉన్న పానా ఎక్కడ ఇనుముకి తగిలినా నేరుగా షార్టే. మైనస్ ముందు తీసేస్తే ఆ తర్వాత పానా బాడీకి తగిలినా ఏమీ కాదు. బిగించేటప్పుడు దీనికి తిరగేసి, ప్లస్ ముందు, మైనస్ ఆఖరున.

కానీ దానికంటే ముందు చేయాల్సింది ఇంకోటుంది, చాలామంది మర్చిపోయేది అదే. ప్యానెల్ ఆటోలో ఉంటే, మీరు చేతులు లోపల పెట్టి ఉండగా కరెంటు పోయిందనుకోండి, అది తనంతట తనే సెల్ఫ్ కొట్టేస్తుంది. ఫ్యాను, బెల్టు పక్కనే ఉంటాయి. అందుకే ముందు ప్యానెల్ ఆఫ్‌లో పెట్టి, ఎమర్జెన్సీ స్టాప్ నొక్కి, తాళం ఉంటే వేసి తాళంచెవి జేబులో వేసుకోవాలి. తర్వాత బ్యాటరీ ఛార్జర్‌కి వచ్చే కరెంటు ఆపాలి. ఛార్జర్ నడుస్తుండగా క్లాంప్ లాగితే నిప్పురవ్వ వస్తుంది, ఛార్జింగ్ అవుతున్న బ్యాటరీ దగ్గర హైడ్రోజన్ ఉంటుంది. గాలిలో అది 4 శాతం చేరితే చాలు, అంటుకుంటుంది. కెనాపీ (జనరేటర్ చుట్టూ ఉండే ఇనుప డబ్బా) తలుపులు తెరిచి కాసేపు గాలి ఆడనిచ్చాకే చెయ్యి పెట్టండి. ఆ దగ్గర్లో బీడీ, సిగరెట్ వద్దే వద్దు.

వాచీ, ఉంగరం, చేతి కడియం తీసేయండి. ఉంగరం షార్ట్ అయితే అది ఎర్రగా కాలి వేలిని పట్టుకుంటుంది, మా షెడ్డులో కళ్ళారా చూశాను. బ్యాటరీ బరువు కూడా తక్కువేం కాదు, ఇద్దరు పట్టుకోండి, టెర్మినళ్ళు పట్టుకుని లేపకండి. లోపల పెట్టాక పట్టీ గట్టిగా బిగించాలి, ఇంజన్ అదురుకి బ్యాటరీ కదిలితే లోపలి ప్లేట్లు రాలిపోతాయి. ఆ పట్టీ రాడ్డు ప్లస్ టెర్మినల్‌కి తగలకుండా చూడాలి.

ప్లస్ మైనస్ తారుమారైతే మాత్రం ఛార్జింగ్ ఆల్టర్నేటర్ (ఇంజన్ నడుస్తుంటే బ్యాటరీని నింపేది) డయోడ్లు, ప్యానెల్‌లోని కంట్రోలర్ ఒక్క క్షణంలో పోతాయి. పాతది తీసేముందే ఫోన్‌తో ఫోటో తీసుకోండి, వైర్ల రంగుల్ని నమ్మకండి. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ విప్పొద్దు, దానికీ డయోడ్లు పోతాయి.

గుంటూరు_కోల్డ్‌స్టోరేజ్:
ఆటోనగర్ అన్న అన్నీ సరిగ్గా చెప్పారు. మాది గుంటూరులో మిర్చి కోల్డ్ స్టోరేజ్, పెద్ద సెట్టు, 24 వోల్టులు, రెండు బ్యాటరీలు సిరీస్‌లో, అంటే ఒకదాని ప్లస్ ఇంకోదాని మైనస్‌కి కలిపి. వేసవిలో కరెంటు పోతే మాకు ప్రతి గంటా లెక్కే, లోపల రైతుల సరుకు ఉంటుంది. ఒకసారి డబ్బు మిగులుతుందని ఒక బ్యాటరీ మాత్రమే మార్చాం. పాతది కొత్తదాన్ని కూడా లాగేసింది, ఏడాది తిరగకముందే రెండూ పోయాయి. సిరీస్‌లో ఉంటే రెండూ ఒకేసారి, ఒకే రకం మార్చండి.

సెక్రటరీ గారూ, మీ పాత బ్యాటరీ నిజంగా పోయిందా? ఛార్జర్ పని చేస్తోందా లేదా చూశారా ముందు? మల్టీమీటర్ ఒకటి కొనుక్కోండి, పెద్ద ఖరీదేం కాదు. ఛార్జర్ ఆన్‌లో ఉన్నప్పుడు టెర్మినళ్ళ దగ్గర 13.5 నుంచి 13.8 దాకా రావాలి. ఛార్జర్ ఆపి కొన్ని గంటలాగి చూస్తే 12.6 పైన ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.4 అంటే కొంత తగ్గింది, 12.2 అంటే సగమే, ఇక ఆలస్యం చేయొద్దు. సెల్ఫ్ కొట్టేటప్పుడు మీటర్ పెట్టి చూడటం ఇంకా ముఖ్యం, ఆ క్షణంలో 9.6 కంటే కిందికి పడిపోతే బ్యాటరీని అనుమానించాల్సిందే. ఊరికే పెట్టి చూస్తే 12.6 చూపించి, లోడు పడగానే కూలబడే బ్యాటరీలు చాలా ఉంటాయి. అందుకే మేం వోల్టేజీ ఒక్కటే నమ్మం, గ్రావిటీ, అంటే లోపలి యాసిడ్ చిక్కదనం, కూడా చూస్తాం. హైడ్రోమీటర్‌లో నిండు ఛార్జింగ్‌కి 1.26 నుంచి 1.28 రావాలి, ఆరు సెల్లుల్లో ఒకటి బాగా తక్కువ చూపిస్తే ఆ బ్యాటరీ ఎక్కువ కాలం ఉండదు.

సింగ్‌నగర్_నుంచి:
మాది సింగ్‌నగర్. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు నీళ్ళు వచ్చినప్పుడు జనరేటర్ కింద స్టిల్టులో ఉండి సగం దాకా మునిగింది. నీళ్ళు తగ్గగానే మా వాళ్ళు సెల్ఫ్ కొట్టబోయారు, పక్కింటి మెకానిక్ పరిగెత్తుకొచ్చి ఆపాడు. ఇంజన్‌లోకి నీళ్ళు పోయి ఉంటే తిప్పడమే ప్రమాదం అని, ముందు మైనస్ తీయించాడు. ఆయిల్, వైరింగ్ అన్నీ చూశాకే మళ్ళీ కలిపాం, బ్యాటరీ మాత్రం కొత్తది వేయాల్సి వచ్చింది. ఇప్పుడు జనరేటర్ కింద నాలుగడుగుల దిమ్మె కట్టించాం. కొత్తగా పెట్టించుకునేవాళ్ళు ఈ సంగతి ముందే ఆలోచించండి.

ఇంకొక సందేహం. బ్యాటరీ సిమెంట్ నేల మీద పెడితే ఛార్జింగ్ దిగిపోతుంది అంటారు, నిజమేనా?

ఆటోనగర్_డీజిల్:
పాతకాలం బ్యాటరీల మాట అది. ఇప్పటి ప్లాస్టిక్ డబ్బాలకి ఏమీ కాదు. అయినా కింద రబ్బరు షీటు వేయండి, యాసిడ్ కారినా ఇనుము తినేయదు.

పటమట_సెక్రటరీ:
కోల్డ్‌స్టోరేజ్ గారూ, మీరు అడిగాక చూశాను. ఛార్జర్ ఎంసీబీ (దానికి కరెంటు ఇచ్చే స్విచ్) కిందకి పడి ఉంది! ఎప్పటినుంచో తెలీదు. వాచ్‌మన్‌ని అడిగితే, రిపేరుకి ఎవరో ఆపారట, మళ్ళీ వేయలేదు. పాతది కేవలం ఛార్జింగ్ లేక పడిపోయింది కాబోలు. వారంవారం జనరేటర్ నడుపుతున్నాం కదా, అయినా ఎందుకు దిగింది?

గుంటూరు_కోల్డ్‌స్టోరేజ్:
వారానికి ఎంతసేపు? రెండు నిమిషాలు నడిపి ఆపేస్తే సెల్ఫ్ వాడుకున్నదే తిరిగి చేరదు, పైగా కంట్రోలర్ రోజంతా కొంచెం కొంచెం తాగుతూ ఉంటుంది. పదిహేను ఇరవై నిమిషాలు, కొంత లోడు మీద నడపండి. ఖాళీగా నడిపితే డీజిల్ సరిగ్గా కాలక పొగగొట్టంలో మసి, జిడ్డు చేరుతుంది. ఇక ఆ పాతది నెలల తరబడి ఖాళీగా ఉంటే లోపల సల్ఫేట్ గట్టిపడి ఉంటుంది. బాగా ఛార్జ్ చేసి లోడు టెస్ట్ చేయించండి, నెగ్గకపోతే వదిలేయండి.

బ్రాడీపేట_నర్సు:
నేను నర్సుని, పనికంటే ఇంట్లో జరిగింది చెప్పాలని రాస్తున్నాను. మా అన్నయ్య బ్యాటరీ మూత తీసి చీకట్లో లోపల చూడటానికి వంగాడు, కంట్లో యాసిడ్ చిమ్మింది. ఇంట్లో వాళ్ళు కంగారులో వంటసోడా కలిపిన నీళ్ళు పోయబోయారు. అలా ఎప్పుడూ చేయకండి! వంటసోడా నేల మీద పడ్డ యాసిడ్‌కీ, టెర్మినల్ చిలుముకీ సరిపోతుంది, కంటికి మాత్రం మామూలు నీళ్ళే, ధారగా, రెప్పలు తెరిచి, కనీసం 15 నిమిషాలు. తర్వాత ఆలస్యం చేయకుండా కంటి డాక్టర్ దగ్గరికి. మేం అలా చేశాం కాబట్టి అన్నయ్య చూపు దక్కింది. ఆ రోజు వంద రూపాయల కళ్ళజోడు పెట్టుకుని ఉంటే అసలు ఇంత టెన్షన్ ఉండేదే కాదు. నీళ్ళ బాటిల్, గ్లవుజులు దగ్గర పెట్టుకున్నాకే మూత తీయండి.

సింగ్‌నగర్_నుంచి:
మేం బ్యాటరీకి మినరల్ వాటర్ క్యాన్‌లోవి పోస్తున్నాం. పర్వాలేదా?

ఆటోనగర్_డీజిల్:
వద్దు అన్నా. డిస్టిల్డ్ వాటరే. క్యాన్ నీళ్ళలో, ఏసీ నుంచి కారే నీళ్ళలో ఉప్పులూ మట్టీ ఉంటాయి, ప్లేట్లు చెడిపోతాయి. యాసిడ్ కూడా కలపొద్దు, లోపల తగ్గేది నీళ్ళే. ప్లేట్లు బయటపడి ఉంటే ముందు అవి మునిగేదాకా కొంచెం పోసి, పూర్తిగా ఛార్జ్ అయ్యాక గుర్తు వరకు నింపండి, ముందే నింపితే పొంగి పైకొస్తుంది. మన బెజవాడ ఎండలకి ఏప్రిల్, మే నెలల్లో పదిహేను రోజులకోసారి చూడాలి. కుళ్ళిన గుడ్డు వాసన వస్తే, బ్యాటరీ వేడెక్కి ఉబ్బితే ఛార్జర్ ఎక్కువ ఇస్తున్నట్టు. దూరం నుంచే ఛార్జర్ మెయిన్ ఆపి, గాలి తెరిచి, చల్లారేదాకా దగ్గరికి వెళ్ళకండి.

ఇంకోటి, ఇన్వర్టర్ ట్యూబులర్ బ్యాటరీ తెచ్చి జనరేటర్‌కి పెట్టేవాళ్ళున్నారు. అది నెమ్మదిగా ఎక్కువసేపు ఇచ్చేది, ఇది ఒక్కసారి గుద్ది ఇచ్చేది. రెండూ వేరు. సెల్ఫ్ పది సెకన్లకి మించి లాగకండి, అర నిమిషం ఆగి మళ్ళీ కొట్టండి.

పటమట_సెక్రటరీ:
అందరికీ చాలా థాంక్స్ అండీ. ఇవాళ ఉదయం ఆ కుర్రాణ్ణే పిలిచి, ఇవన్నీ చదివి వినిపించి, మీరు చెప్పిన వరసలోనే చేయించాను. క్లాంపులకి చిలుము తీసి శుభ్రం చేసి, బిగించాక వ్యాజలైన్ రాశాం. తర్వాత మెయిన్ ఆపి చూశాం, సెల్ఫ్ కొట్టినప్పుడు 10.7 వోల్టులు, ఒక్క దెబ్బకి స్టార్ట్. పాతదాన్ని లోడు టెస్ట్‌కి పంపాను, పాస్ కాలేదు. దాన్ని ఎవరికిస్తే మంచిది? స్క్రాప్ వాడు అడుగుతున్నాడు.

గుంటూరు_కోల్డ్‌స్టోరేజ్:
కొత్తది కొన్న షాపుకే ఇవ్వండి. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాటిని సేకరించే బాధ్యత తయారీదారులదే. కొత్తదాని బిల్లులో కొంత తగ్గిస్తారు కూడా. రోడ్డు పక్కన పగలగొట్టి సీసం తీసేవాళ్ళకి పోతే, ఆ యాసిడ్ మన కాలవల్లోకే.

పటమట_సెక్రటరీ:
అలాగే చేశాను. ఛార్జర్ ఎంసీబీ పక్కన గోడ మీద ఎర్ర పెయింటుతో రాయించాను: ‘ఆపితే మళ్ళీ వేయండి, సెక్రటరీకి చెప్పండి.’ కింద నా ఫ్లాట్ నంబరు కూడా వేయించాను.