చందా డబ్బుతో చేతి తొడుగులా, ఫిజియోనా?

కొండపి కుర్రోడు:
మా బడి పాత విద్యార్థులం వేసుకున్న చందా కొంత మిగిలింది. పక్షవాతంతో చెయ్యి పడిపోయినోళ్ల కోసం గాలి తొడుగులు నాలుగు కొని పీహెచ్‌సీలో పెడదామంటన్నా. మంచి చేతికి ఒక తొడుగు, పడిపోయిన చేతికి ఇంకోటి. మంచి చేతి వేళ్లు ముడిస్తే పంపు గాలికి రెండో చేతి వేళ్లూ ముడుచుకుంటాయి. కొందరేమో ఆ డబ్బుతో ఫిజియోని పిలిపిద్దామంటన్నారు. ఏమంటారు?

పెన్నా గట్టు:
ఒక్కోటి ఎంత?

కొండపి కుర్రోడు:
ఆన్‌లైన్లో పదివేల లోపే.

పెన్నా గట్టు:
పంపు పోతే బాగుచేసేదెవరు?

ఒంగోలు ఫిజియో:
వేళ్లు ముడవడం తొడుగు పనైపోతే, మనిషి తనంతట తాను ప్రయత్నించేదెప్పుడు? ప్రయత్నం లేకపోతే మెదడు ఏం నేర్చుకుంటుంది? బ్రిటన్‌లో 770 మందితో రాట్యుల్స్ అని పరీక్ష చేశారు, 2019లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. అందులో వాడింది అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో పుట్టిన రోబో. అంత మిషన్‌తోనూ మామూలు వైద్యం కంటే చేతి పనితనం మెరుగుపడలేదు. దానికంటే అద్దం నయం. పడిపోయిన చేతిని అద్దం వెనక పెట్టి, మంచి చేతిని అద్దంలో చూస్తూ ఆడించాలి. మెదడు శాస్త్రవేత్త రామచంద్రన్ 1990ల్లో, తీసేసిన చేతిలో నొప్పి పుడుతోందనే వాళ్ల కోసం మొదలుపెట్టింది, తర్వాత పక్షవాతానికీ వాడారు. వేళ్ల పనికి, చిల్లుల్లో చెక్క మేకులు గుచ్చి తీసే పలక కావాలంటే ఉదయగిరిలో చెక్క గరిటెలు చేసేవాళ్లని అడిగి చేయించుకోవచ్చు. ఇంట్లో వాళ్లకి నేర్పితే రోజూ చేయిస్తారు.

కొండపి కుర్రోడు:
అదే రాట్యుల్స్‌లో థెరపిస్టులు దగ్గరుండి అదనంగా చేయించిన గుంపు గూడా ఉంది. అసలు కొలతలో వాళ్లకీ తేడా రాలా. అది దాటేశారేంది?

టంగుటూరు కోడలు:
మా మామగార్ని ఒక ప్రైవేటు సెంటరుకి తీసకపోతే పూటకింత అని వసూలు చేసి, పడిపోయిన చేతిని పట్టి లాగి భుజం జార్చారు. ఇంట్లో వాళ్లకి నేర్పే సంగతి మనదేశంలోనే చూశారు. అటెండ్ అని పరీక్ష, 14 ఆసుపత్రులు, 1250 మంది, 2017లో వచ్చింది. ఆరు నెలలకి చూస్తే తేడా రాలా.

ఒంగోలు ఫిజియో:
ఒకరు చేసినదానికి అందర్నీ అంటే ఎట్టా అక్కా? అటెండ్‌లో పోల్చింది మామూలు వైద్యం అందినోళ్లతో. మన పల్లెల్లో ఆ మామూలు వైద్యమన్నా ఉందా?

కొండపి కుర్రోడు:
మిషన్లొస్తే పూట ఫీజు పోద్దని మీ బాధ.

ఒంగోలు ఫిజియో:
బెంగళూరులో కూర్చుని మిషన్ పంపిస్తే ఊళ్లో అమ్మానాన్నల్ని చూసుకున్నట్టేనా?

టంగుటూరు కోడలు:
ఇద్దరూ ఆపండి. ఇంట్లో వాళ్లు, ఇంట్లో వాళ్లు అంటన్నారే, ఎవరది? నేను. పొగాకు గ్రేడింగుకి పోయొచ్చి, వంట చేసి, బిగుసుకున్న పిడికిలి ఒక్కో వేలూ విప్పి చేయించేది నేను. తొడుగుతో చెయ్యి బాగవుద్దో లేదో నాకు తెలవదు. ఒక అరగంట నా చేతులు ఖాళీ అవుతాయి గదా! అది కాదంటే ఊళ్లో చదువుకున్న పిల్లకి పని నేర్పి, నెలజీతమిచ్చి ఇంటింటికీ తిప్పండి.

కొండపి కుర్రోడు:
జీతమంటే దాతలు ఒప్పుకోరక్కా. పేరు రాయించుకునే వస్తువు ఏదన్నా కావాలంట. అందుకే తొడుగులు అన్నా.

పెన్నా గట్టు:
ఆ ముక్క మొదట్లోనే చెప్పాల్సింది గదా సామీ.

టంగుటూరు కోడలు:
ఆ పిల్లకి కోటు కుట్టించి వీపున రాయించుకోమను.

ఒంగోలు ఫిజియో:
నేర్పడానికి నాకేం ఇవ్వక్కర్లేదు. ఈ ఆదివారం కొండపి వస్తా, దాతల్లో ఒక్కరినన్నా కూర్చోబెట్టు.

కొండపి కుర్రోడు:
వాళ్లు దసరాకి గాని ఊరికి రారు సార్. నేనూ అంతే.