పానకాలు అనే పేరు: ఎక్కడిది, అర్థం ఏంటి, ఇప్పుడు పిల్లాడికి పెట్టొచ్చా?

సిద్దిపేట ఆడపడుచు:

అందరికీ నమస్తే. మాకు మొన్ననే బాబు పుట్టాడు. ఇరవై ఒకటో రోజు దగ్గరికొచ్చేసింది, ఇంకా పేరు తేలలేదు. మా అత్తగారిది గుంటూరు పక్కన పల్లెటూరు. పిల్లల కోసం ఎప్పుడో మంగళగిరి కొండకు మొక్కుకున్నారట, అందుకని బాబు పేరులో "పానకాలు" ఉండి తీరాలంటున్నారు. వినగానే నవ్వొచ్చి నవ్వేశాను. అప్పటినుంచి మా అత్తగారు నాతో ముక్తసరిగా మాట్లాడుతున్నారు.

నా బాధ కూడా అర్థం చేసుకోండి. పానకం అంటే మాకు శ్రీరామనవమి పందిట్లో గ్లాసుల్లో పోసేది. అది మనిషికి పేరెలా అవుతుంది? రేపు బడిలో పిల్లలు వీణ్ని ఊరుకుంటారా? మా వైపు ఇట్లాంటి పేరు ఎన్నడూ వినలేదు. మా నాన్న పేరు యాదగిరి, తాత పేరు రాజయ్య. ఎంత నిండుగా ఉంటాయి! మా ఆయన్ని అడిగితే "అమ్మ ఇష్టం, నీ ఇష్టం" అని రెండు పడవల మీదా కాళ్లు పెట్టాడు.

ఈ పేరు ఎక్కడిది, దానికి సరైన అర్థం ఏంటి, ఇప్పుడు ఎవరైనా పెడుతున్నారా? తెలిసినవాళ్లు చెప్పండి. "పెద్దవాళ్ల మాట వినాలి" అనే సలహా మాత్రం వద్దు, అది ఇంట్లో బోలెడు దొరుకుతోంది.

పానకాలరావు, రిటైర్డ్ లెక్కల మాస్టారు:

అమ్మా, నా పేరు చూశావు కదా. ఈ ప్రశ్నకు నాకంటే అర్హుడు ఈ చుట్టుపక్కల ఉండడు. కాస్త పొడుగ్గానే రాస్తాను, ఓపిక పట్టు.

మంగళగిరిలో నరసింహస్వామికి మూడు చోట్ల గుళ్లు. ఊళ్లో, కొండ కింద, పెద్ద గాలిగోపురం ఉన్నది లక్ష్మీనరసింహస్వామి గుడి. ఆ పదకొండంతస్తుల గోపురం వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు 1807-09 మధ్య కట్టించింది. శిఖరం మీద గండాలయ్య స్వామి. అక్కడ విగ్రహం ఉండదు, దీపమే. కష్టాలు గట్టెక్కాలని ఆవు నెయ్యితో దీపం పెడతారు. ఈ రెంటికీ మధ్య, కొండ సగంలో, పానకాల స్వామి. మీ అత్తగారి మొక్కు ఈయనకే.

ఇక్కడా నిలువెత్తు విగ్రహం ఉండదు. కొండ రాతిలో తెరుచుకున్న నోరు, దానికి లోహపు ముఖం తొడుగు, అంతే. బెల్లం, మిరియాలు, యాలకులు కలిపిన పానకం బిందెతో ఇస్తే పూజారి శంఖంతో ముంచి ఆ నోట్లో పోస్తూ ఉంటాడు. లోపలినుంచి గుటకలు వేస్తున్నట్టు గుడగుడమని చప్పుడు వస్తుంది. కాసేపటికి చప్పుడు ఆగిపోతుంది. ఆగాక ఇక పోయరు. నువ్వు ఎంత తెచ్చినా సగం ఆయనకి, మిగతా సగం నీకు ప్రసాదం. రోజంతా అంత బెల్లం నీళ్లు ఒలికే చోట చీమ కనిపించదని మా ఊళ్లవాళ్లు గొప్పగా చెబుతారు. ఇది ఒకప్పటి అగ్నిపర్వతం, లోపల గంధకం ఉంది, బెల్లం నీళ్లు దాన్ని చల్లబరుస్తాయి అని ఇంకొందరు చెబుతారు. నేను లెక్కల మాస్టార్ని, దాని జోలికి పోను.

స్థలపురాణం ఏమంటుందంటే, నముచి అనే రాక్షసుణ్ణి చంపిన ఉగ్రంలో ఉన్న స్వామి చల్లబడటానికి కృతయుగంలో అమృతం తాగాడు, త్రేతాయుగంలో నెయ్యి, ద్వాపరంలో పాలు, కలియుగంలో పానకం. యుగం మారేకొద్దీ సరుకు చవకబడింది. మనలాంటి బీదాబిక్కీ కూడా ఇచ్చుకోగలిగే స్థాయికి ఆయనే దిగాడన్న మాట.

ఇక పేరు. పానకం తాగే స్వామి పానకాల స్వామి. ఆయన పేరు పెట్టుకున్నవాడు పానకాలు. చివర ఉన్న "లు" చూసి కంగారు పడకు. ఆంజనేయులు, శ్రీరాములు, వెంకటేశ్వర్లు అన్నప్పుడు ఎవరూ ఇద్దరు ముగ్గురిని అనుకోరు కదా, అది గౌరవం కోసం. ఇందులో మాత్రం పానకానికి బహువచనం కూడా అదే కావడంతో మీలాంటి వాళ్లకి గ్లాసులు కనిపిస్తాయి. పానకాలు, పానకాలయ్య, పానకాలరావు, పానకాలరెడ్డి, అన్నీ ఒకే స్వామి. కులం పట్టింపు కూడా లేదు. చేనేత మగ్గం మీద కూర్చునేవాళ్లలో ఉన్నారు, రైతుల్లో ఉన్నారు, కూలినాలి చేసుకునేవాళ్లలో ఉన్నారు. ఆడపిల్ల పుడితే అమ్మవారి పేరు, రాజ్యలక్ష్మి. అందుకే ఒకే ఇంట్లో అన్న పానకాలు, చెల్లెలు రాజ్యం కనిపిస్తే వాళ్లది ఏ కొండో అడగక్కర్లేదు.

వెక్కిరింపులంటావా, ఉంటాయి. నన్ను బళ్లో "పానకంలో పుడక" అనేవాళ్లు. శ్రీరామనవమి వస్తే "ఇవాళ నీ పుట్టినరోజు కదరా" అనేవాళ్లు. నేను ఉద్యోగంలో చేరాక మా పిల్లలు నల్లబల్ల మీద గ్లాసు బొమ్మ వేసి పెట్టేవాళ్లు. దాని ఘనపరిమాణం కనుక్కోమని లెక్క ఇచ్చేవాణ్ణి. తర్వాత బొమ్మలు తగ్గాయి.

నీకో మాట చెప్పాలి తల్లీ. మీ నాన్నగారి పేరు యాదగిరి అన్నావు. యాదగిరిగుట్ట మీద ఉన్నది ఎవరు? నరసింహస్వామే. మంగళగిరి కొండ మీద ఉన్నదీ ఆయనే. మీ తాతల కాలంలో గుట్టకు మొక్కుకుని యాదగిరి అన్నారు, మా వాళ్లు కొండకు మొక్కుకుని పానకాలు అన్నారు. నువ్వు పుట్టినప్పటినుంచి వింటున్నావు కాబట్టి అది నిండుగా ఉంది, ఇది కొత్తగా ఉంది.

మాలకొండ మనవడు:

మాస్టారు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. మాది ఒంగోలు నుంచి కందుకూరు వెళ్లే వైపు. మా దగ్గర ఇంటికో మాల్యాద్రి, వీధికో మాలకొండయ్య. మాలకొండ మీద కూడా నరసింహస్వామే, ఆ గుడి శనివారం ఒక్కరోజే తెరుస్తారు. ఇంకొంచెం కిందికి, నెల్లూరు జిల్లా రాపూరు వైపు వెళ్తే పెంచలకోన, అక్కడ పెంచలయ్యలు. అహోబిలం చుట్టూ ఓబులేసులు, ఓబయ్యలు, ఓబుల్ రెడ్లు. కదిరి వైపు కదిరప్పలు. సింహాచలం అప్పన్న దగ్గర అప్పలరాజులు, అప్పలనాయుళ్లు, సింహాచలాలు. స్వామి ఒక్కడే, కొండ మారితే పేరు మారుతుంది. హాస్టల్లో ఉన్నప్పుడు పేరు వినగానే ఏ బస్సు ఎక్కి వచ్చాడో చెప్పేసేవాళ్లం.

వీటిలో ఓబులేసు, మాల్యాద్రి కాస్త దూరం ప్రయాణించాయి. పానకాలు మాత్రం గుంటూరు, కృష్ణా జిల్లాలు దాటి పెద్దగా వెళ్లలేదు. నాకు తెలిసిన పానకాలు అందరూ అరవై దాటినవాళ్లే.

బే ఏరియా బాబాయ్:

అక్కా, నేను రెండో వైపు చెబుతాను, తిట్టుకోవద్దు. మా తమ్ముడి పేరు పానకాల సాయికిరణ్. ఇంట్లో కిరణ్. ఇక్కడికి చదువుకోడానికి వచ్చేటప్పుడు పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒక గడిలో, మిగతా అంతా ఇంకో గడిలో పడింది. కాలేజీ వాళ్లు మొదటి మాట మాత్రమే పట్టుకున్నారు. అందరూ "పనాకలా" అని సాగదీసి, చివరికి "పానా" దగ్గర ఆగారు. వాడు చదివింది మెకానికల్ ఇంజనీరింగ్. ఇప్పుడు మా బంధువులు కూడా వాణ్ణి "ఏరా పానా, ఎక్కడ బిగిస్తున్నావు" అంటున్నారు.

వాడికి పేరు మీద కోపం లేదు, ఆ మాట ఒప్పుకోవాలి. ప్రతి ఫారం దగ్గరా ఏది ముందు, ఏది వెనక అన్న టెన్షనే వాణ్ణి చంపేసింది. కాబట్టి నా సలహా ఒకటే. పెట్టాలనుకుంటే పిలిచే పేరు ముందు పెట్టండి, పానకాల అనేది దాని తర్వాత పెట్టండి. ఇంకోటి, జనన ధృవీకరణ పత్రంలో ఏ అక్షరాలతో రాయిస్తారో అవే అన్నిచోట్లా ఉండాలి. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకి పాస్‌పోర్టులో పుట్టిన తేదీకి ఆ పత్రమే ఆధారం, పదో తరగతి సర్టిఫికెట్ అవీ ఇక పనికిరావు.

సిద్దిపేట ఆడపడుచు:

అందరికీ థ్యాంక్స్. మాస్టారూ, మా నాన్న పేరు దగ్గర నన్ను బాగా పట్టుకున్నారు. మా అమ్మకు ఫోన్ చేసి చదివి వినిపిస్తే "మీ నాయనమ్మ కూడా గుట్టకే మొక్కింది, నీకు ఎన్నిసార్లు చెప్పిన" అని నన్నే అన్నది. మా ఆయన ఇప్పుడు ధైర్యం తెచ్చుకుని "ప్రహ్లాద్ పానకాల" అంటున్నాడు. మా అత్తగారు దానికి తల ఊపారు కానీ "పానకాల" కాదు, "పానకాలు" అనే ఉండాలంటున్నారు. రెంటికీ తేడా ఏమైనా ఉందా? ఇంకొకటి, పేరు తేలేలోపే పత్రం తీసుకోవాలా?

పానకాలరావు, రిటైర్డ్ లెక్కల మాస్టారు:

తేడా ఉందమ్మా. "పానకాల" అంటే వెనకాల ఇంకో మాట రావాలి: పానకాల స్వామి, పానకాల రావు. చివరి మాటగా పెడితే గాల్లో వేలాడుతుంది. చివర ఉండాలంటే "పానకాలు". ఈ విషయంలో మీ అత్తగారిదే కరెక్టు. లేదంటే "పానకాల ప్రహ్లాద్" అని ముందుకు తేవాలి, అప్పుడు ఆ బాబాయ్ తమ్ముడి గతే. నా ఓటు "ప్రహ్లాద్ పానకాలు"కి. హిరణ్యకశిపుడి కొడుకుని కాపాడినవాడి పేరు ఆ కొడుకు పేరు పక్కనే ఉండటం నాకు నచ్చింది.

పత్రం సంగతి: పుట్టుక నమోదు మాత్రం ఆలస్యం చేయకండి, 21 రోజుల్లోపు అయిపోవాలి. ఆసుపత్రిలో పుడితే వాళ్లే పంపుతారు, అయినా ఒకసారి కనుక్కోండి. పేరు గడి ఖాళీగా ఉన్నా నమోదవుతుంది. ఆ తర్వాత ఏడాదిలోపు పేరు చేర్పించుకుంటే రుసుము ఉండదు, అది దాటితే రుసుము కట్టి 15 ఏళ్ల దాకా చేర్పించుకోవచ్చు. అంటే మీ ఇంటి యుద్ధానికి కావలసినంత టైముంది. చేర్పించేటప్పుడు ఇంగ్లీషు అక్షరాలు మీరే కాగితం మీద రాసిచ్చి, అవతలివాళ్లు టైపు చేసింది చదివి చూసుకోండి. నా సర్వీసు రిజిస్టరులో నేను ముప్పై ఏళ్లపాటు "పంకాలరావు"ని, ఎండాకాలంలో స్టాఫ్ రూములో నన్ను ఫ్యాను కింద కూర్చోబెట్టేవాళ్లు.

మొక్కు తీర్చడానికి వస్తే పొద్దున్నే ఎక్కండి. పై గుడి మధ్యాహ్నం దాటాక మూసేస్తారు, రాత్రి పూజ దేవతలు చేసుకుంటారని నమ్మకం. మెట్లున్నాయి, కానీ పసివాడితో మీరు ఘాట్ రోడ్డు మీద కారులో వెళ్లండి. వేసవిలో అయితే అసలు వద్దు, మా ఊరి ఎండ గురించి మీ ఆయన్ని అడగండి. ఫాల్గుణంలో తిరునాళ్లకి రథం చూడాలనిపిస్తుంది కానీ ఆ తొక్కిడి చంటిపిల్లాడితో పడలేరు. ఆ తిరునాళ్ల రోజులు, శనాదివారాలు కాకుండా ఒక మామూలు రోజు చూసుకోండి.